సైమా సరస్సును కాపాడే ఖర్చులో పర్యాటకులకూ వాటా ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఫిన్లాండ్ సరస్సుల అందాన్ని వర్ణించే పర్యాటక కథనాలు ఈమధ్య తెలుగు పత్రికల ఆదివారం అనుబంధాల్లోనూ, టీవీ కార్యక్రమాల్లోనూ తరచుగా కనిపిస్తున్నాయి. అద్దాల గోడల కుటీరాలు, వేసవిలో రాత్రి పొద్దుపోయినా ఆరని వెలుతురు, ఒడ్డున బండరాయి మీద ఎండ కాచుకునే సీల్ అనే నీటి జంతువు, కోట లోపల జరిగే సంగీత నాటకాలు అన్నీ వాటిలో ఉంటాయి, అన్నీ నిజమే. అయితే ఆ నీరు అంత తేటగా, ఆ తీరం అంత ఖాళీగా ఉండడానికి అక్కడి మనుషులు ఏం వదులుకున్నారో, ఇప్పటికీ ఏటా ఏం వదులుకుంటున్నారో చెప్పే వాక్యం మాత్రం వాటిలో కనిపించదు. సైమా తీరాన లప్పేన్‌రంత పట్టణంలో కొన్నేళ్లుగా ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాడిగా ఆ లోటును కొంతైనా పూరించాలనీ, దానితోపాటు ఒక అభిప్రాయాన్ని మీ పాఠకుల ముందుంచాలనీ ఈ ఉత్తరం రాస్తున్నాను. సరస్సును కాపాడే భారం చాలావరకు స్థానికుల మీద పడి, దాన్ని చూసే ఆనందమూ చూపించి సంపాదించే ఆదాయమూ ఇతరులకు దక్కుతున్న ప్రస్తుత ఏర్పాటు న్యాయం కాదని, చూడడానికి వచ్చేవారు ఆ ఖర్చులో వాటా పంచుకోవాలని నా అభిప్రాయం.

సైమా ఫిన్లాండ్‌లోకెల్లా పెద్ద సరస్సు. విస్తీర్ణం సుమారు 4,400 చదరపు కిలోమీటర్లు. ఐరోపాలోని సహజమైన మంచినీటి సరస్సుల్లో దానిది నాలుగో స్థానం. మ్యాపులో చూస్తే అది ఒక్క నీటి పరపులా ఉండదు. లప్పేన్‌రంత, ఇమత్ర, మిక్కెలి, సవోన్‌లిన్న పట్టణాల మధ్య ఇరుకు పాయలతో ఒకదానికొకటి కలిసిన అనేక సరస్సుల సముదాయంలా ఉంటుంది. అందులో దాదాపు 14,000 దీవులు ఉన్నాయి. దీవులతో కలిపి లెక్కిస్తే తీరం పొడవు దాదాపు 15,000 కిలోమీటర్లు. సగటు లోతు 12 మీటర్లే. ఇంత పొడవైన తీరం, ఇంత తక్కువ లోతు, నీరు నెమ్మదిగా మారే ఇన్ని మూలలు ఉన్నచోట ఒక ఊరి మురుగు ఆ ఊరి రేవులోనే చాలాకాలం నిలిచిపోతుంది కాబట్టి, సరస్సు పెద్దదన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మంచుయుగం చివర హిమానీనదాలు వదిలిపోయిన సల్పౌసెల్క గట్టు దక్షిణాన నీటికి అడ్డుకట్టగా నిలిచింది. సుమారు 6,000 ఏళ్ల క్రితం ఆ గట్టును ఇమత్ర వద్ద చీల్చుకొని వుఒక్సి నది పుట్టి, లదోగా సరస్సు వైపు ప్రవహించింది. ఈ భూచరిత్రకే 2021లో సైమాకు యునెస్కో జియోపార్క్ గుర్తింపు దక్కింది.

ఈ సరస్సుకు పర్యాటకం కొత్త కాదు. ఇమత్ర వద్ద రాతి కోనలో వుఒక్సి నది ఉరకలెత్తే చోటును చూడడానికి రష్యా సామ్రాజ్ఞి రెండో కేథరిన్ 1772లోనే వచ్చింది. ఫిన్లాండ్ రష్యా ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1842లో, జార్ మొదటి నికొలస్ ఆ ప్రవాహాన్నీ పక్కనున్న వనాన్నీ సహజ స్థితిలోనే ఉంచాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఫిన్లాండ్‌లో ప్రకృతి రక్షణకు అదే తొలి అడుగని ఇక్కడివారు చెప్పుకుంటారు. 1892లో రైలుమార్గం వచ్చాక పీటర్స్‌బర్గ్ సంపన్నులకు ఇమత్ర దగ్గరి విహారస్థలమైంది. 1903లో కోట ఆకారంలో కట్టిన హోటల్ ఇప్పటికీ ప్రవాహం పక్కనే ఉంది. దేశం స్వతంత్రమయ్యాక కరెంటు కావలసి వచ్చింది. 1929 నాటికి విద్యుత్ కేంద్రం పూర్తయింది, నది మళ్లిపోయింది, కోనలో రాళ్లు మిగిలాయి. ఇప్పుడు వేసవిలో రోజుకు ఒకసారి కాసేపు గేట్లు ఎత్తి, సంగీతం వినిపిస్తూ, ఆ పాత ప్రవాహాన్ని సందర్శకులకు చూపిస్తున్నారు. కొత్తగా ఏర్పడిన పేద దేశం విద్యుత్తును ఎంచుకోవడాన్ని నేను తప్పు పట్టలేను. అయితే పర్యాటకం పెరిగితే ప్రకృతి దానంతటదే నిలుస్తుందని నమ్మేవారు ఇమత్ర చరిత్రను ఒకసారి చదవాలి. రాజాజ్ఞ ఉంది, హోటల్ ఉంది, నూరేళ్లకు మించిన పేరు ఉంది. ఇవన్నీ కలిసి కూడా ఆ నదిని నిలబెట్టలేకపోయాయి, ఎందుకంటే అతిథుల నుంచి వచ్చిన డబ్బులో ఒక్క కాసైనా నదిని కాపాడే బాధ్యతతో ముడిపడి లేదు.

సైమా సీల్ విషయంలో జరిగింది ఇందుకు భిన్నం. ఇక్కడివారు నొర్ప అని పిలిచే ఈ జంతువు, మంచుయుగం ముగిశాక భూమి పైకి లేచి సముద్రంతో సంబంధం తెగిపోవడంతో దాదాపు 9,500 ఏళ్లుగా ఈ మంచినీటిలోనే ఉండిపోయింది. ప్రపంచంలో మరెక్కడా లేదు. చేపలు తినేస్తుందన్న కోపంతో ఒకప్పుడు దాన్ని చంపినవారికి బహుమతి సొమ్ము ఇచ్చేవారు. 1955లో చట్టం దానికి రక్షణ కల్పించినా, వలలు, నీటిలో కలిసిన పాదరసం వంటి విషాలు, ఒడ్డున పెరిగిన ఇళ్లు కలిసి 1980ల నాటికి వాటి సంఖ్యను 150కి అటూ ఇటూగా కుదించాయి. ఇప్పుడది 500 దరిదాపులకు చేరింది. ఈ కోలుకోవడం వెనుక ఉన్న త్యాగం ప్రధానంగా చేపలు పట్టుకునేవారిది.

ఆడ సీల్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీరం వెంబడి గాలికి పేరుకున్న మంచు దిబ్బ లోపల, గడ్డకట్టిన నీటి మీద గూడు చేసుకొని ఒక్కటే పిల్లను కంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మంచు కరిగి, పిల్ల సొంతంగా ఈదడం, చేపలు పట్టడం మొదలుపెడుతుంది. అదే సమయంలో ఒడ్డున ఉన్నవారు వలలు వేస్తారు. వలలో చిక్కిన పిల్ల పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోతుంది. వయసు రాని సీళ్ల మరణాలకు ఇదే అతి పెద్ద కారణం. అందుకే సీళ్లు ఉన్న ప్రాంతాల్లో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 వరకు వలలు వేయరాదని నిబంధన పెట్టారు. మొదట్లో చాలాచోట్ల ఇది స్వచ్ఛంద ఒప్పందంగానే మొదలైంది. ఫిన్లాండ్‌లో సరస్సు నీరు ఎక్కువభాగం గ్రామస్థుల ఉమ్మడి వాటాల కింద ఉంటుంది కాబట్టి, అధికారులు ఆ వాటాదారుల సంఘాలతో మాట్లాడి, పరిహారం ఇచ్చి ఒప్పించారు. 2011లో ప్రభుత్వ ఉత్తర్వుతో అది విస్తృతమైంది. తర్వాత పరిధిని మరికొంత పెంచారు. చేపల బుట్టల నోటి వెడల్పు మీద కూడా, సీల్ తల దూరకుండా, పరిమితి ఉంది.

ఈ నిషేధం కాగితం మీద చిన్నదిగా కనిపించవచ్చు. ఇక్కడి వృద్ధులకు వసంతకాలంలో వల వేయడమంటే తాతముత్తాతల నుంచి వచ్చిన పని, ఇంటికి కావలసిన తిండి, ఒంటరితనంలో ఒక కాలక్షేపం. ముయిక్కు అనే చిన్న వెండి చేపను వెన్నలో వేయించి తినడం ఈ ప్రాంతపు ఇష్టమైన ఆహారం. 2024లో సైమా ప్రాంతం ఐరోపా ఆహార సంస్కృతి ప్రాంతంగా ఎంపికైనప్పుడు ఆ చేపే అందరి పళ్లెంలో కనిపించింది. అటువంటి చోట, సంవత్సరంలో మంచి కాలాన్ని వదులుకొమ్మంటే మొదట గొడవలు జరగడం సహజం. జరిగాయి కూడా. అయినా చాలామంది ఒప్పుకున్నారు. సంరక్షకులు ఇప్పుడు నిషేధాన్ని జూలై చివరివరకు పొడిగించాలని అడుగుతున్నారు, ఎందుకంటే జూలైలోనూ పిల్లలు వలల్లో చనిపోతున్నాయి. ఆ కోరిక సరైనదేనని నేనూ అనుకుంటున్నాను. కానీ జూలై ఫిన్లాండ్‌లో అందరికీ సెలవుల నెల. అదే నెలలో సందర్శకులు సీల్‌ను చూడడానికి పడవ టికెట్ కొనుక్కుంటారు. ఒడ్డున ఉన్న ముసలాయన వల ఎండగట్టుకొని కూర్చోవాలి, పడవ యజమాని ఆ సీల్ బొమ్మ పెట్టి టికెట్లు అమ్ముకోవాలి, ఆ టికెట్‌లోంచి ముసలాయనకు ఏమీ చేరదు. ఈ లెక్క నాకు ఎంత ఆలోచించినా సబబుగా తోచడం లేదు.

వలల కన్నా కఠినమైన సమస్య చలికాలం వేడెక్కడం. మంచు తక్కువ పడిన సంవత్సరం గూడు చేసుకోవడానికి దిబ్బ ఉండదు. పిల్ల బయట మంచు పలక మీద పుట్టి చలికీ నక్కలకూ బలవుతుంది. నీటిమట్టం శీతాకాలంలో ఒక్కసారిగా తగ్గినా పెరిగినా గూళ్లు కూలిపోతాయి కాబట్టి, వుఒక్సి నదిలోకి ఎంత నీరు వదలాలన్నది కూడా సీళ్ల బతుకుతో ముడిపడిన విషయమే. 1991 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఫిన్లాండ్, రష్యా ఆ నీటి విడుదలను కలిసి నిర్ణయించుకోవాలి. 2014 శీతాకాలం నుంచి మంచు చాలని ఏడాదుల్లో స్వచ్ఛంద కార్యకర్తలు పారలు పట్టుకొని గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లి, తీరం వెంబడి మంచును కుప్పలుగా పోసి దిబ్బలు తయారుచేస్తున్నారు. అడవులనూ జాతీయ ఉద్యానాలనూ చూసే ప్రభుత్వ సంస్థ మెత్సాహల్లితుస్, తూర్పు ఫిన్లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పనిని నడిపిస్తున్నారు. మంచే పడని ఏడాది కోసం కృత్రిమ గూళ్లను కూడా పరీక్షించారు. దూరదేశాల నుంచి విమానాల్లో వచ్చే మాబోటివాళ్లం ఆ వేడికి కొంత కారణం అవుతున్నాం కాబట్టి, ఆ పారలకు, పడవలకు, పరిశోధనకు అయ్యే ఖర్చులో మన భాగం గురించి ఆలోచించక తప్పదు.

తీరం మీద ఇళ్ల సంగతి వేరుగా చెప్పాలి. ఫిన్లాండ్‌లో అర మిలియన్‌కు పైగా వేసవి ఇళ్లు ఉన్నాయి. మిక్కెలి పురపాలక పరిధిలోనే పదివేలకు పైగా ఉంటాయి. పూమల వంటి చిన్న ఊళ్లో స్థిరంగా ఉండే మనుషుల కన్నా సెలవు ఇళ్లే ఎక్కువ. ఇంత ఉన్నా పడవలో వెళ్తుంటే ఒడ్డు పొడవునా చెట్లే కనిపించడానికి కారణం చట్టం. తీర మండలంలో ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా కొత్త కట్టడాలు కట్టరాదని 1999 నాటి భూ వినియోగ, నిర్మాణ చట్టం స్పష్టంగా చెప్పింది. ఇల్లు నీటి అంచు నుంచి ఎంత దూరంలో ఉండాలో, ఎంత పెద్దదిగా ఉండవచ్చో పురపాలక సంఘాలు నిర్ణయిస్తాయి. సొంత స్థలం ఉంది కదా అని ఒడ్డునే రెండంతస్తుల మేడ లేపడం కుదరదు. నీటికి 100 మీటర్ల లోపు ఉన్న పాత ఇళ్లు తమ మురుగునీటి శుద్ధి ఏర్పాట్లను 2019 అక్టోబరు 31 నాటికి సవరించుకోవాలని మరో నిబంధన వచ్చింది. పింఛను మీద బతికే వారికి అది వేల యూరోల ఖర్చు. చాలామంది నీళ్లు వాడని పొడి మరుగుదొడ్లతో సరిపెట్టుకున్నారు. అద్దాల కుటీరంలో రెండు రాత్రులు గడిపి తేటనీటిని పొగిడే అతిథికి ఈ ఖర్చు కనిపించదు.

పరిశ్రమల గురించి క్లుప్తంగానే చెబుతాను. దక్షిణ తీరాన ఉన్న కాగితపు గుజ్జు మిల్లులు ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం సరస్సును మురికి చేశాయి. 1980ల నుంచి జీవశుద్ధి పద్ధతులు వచ్చాక నీరు బాగా మెరుగుపడింది. ఆ మిల్లులు ఇప్పటికీ వేలమందికి జీవనాధారం, కాబట్టి పర్యాటకం వస్తే పరిశ్రమ అక్కరలేదని ఇక్కడెవరూ అనరు. ఉత్తరాన హైనావెసి ప్రాంతంలో బ్యాటరీలకు కావలసిన గ్రాఫైట్ తవ్వకాల ప్రతిపాదనను గ్రామస్థులు వ్యతిరేకిస్తూ వచ్చారు. పెట్రోలు లేని కార్ల కోసం మా నీటిని పణంగా పెట్టాలా అన్న వారి ప్రశ్నకు తేలికైన జవాబు లేదు.

పర్యాటకాన్నే నమ్ముకోవడంలోని ప్రమాదం ఏమిటో మా పట్టణం ఇటీవలే కళ్లారా చూసింది. లప్పేన్‌రంత సరిహద్దుకు చాలా దగ్గర. ఏళ్ల తరబడి రష్యా నుంచి వచ్చేవారి కోసం దుకాణాలు, హోటళ్లు, నీటి విలాసాల కేంద్రాలు కట్టారు. లప్పేన్‌రంతకూ ఇమత్రకూ మధ్య రౌహా వద్ద, పాత మానసిక వైద్యశాల ఉన్న ప్రాంతంలో, పెద్ద విహార సముదాయమే వెలిసింది. ఉక్రెయిన్‌పై దాడి తర్వాత 2022 సెప్టెంబరు చివర రష్యా పర్యాటకుల రాకను ప్రభుత్వం నిలిపివేసింది. 2023 చివరలో తూర్పు సరిహద్దు ద్వారాలన్నీ మూసేసింది. 1856లో తెరిచిన సైమా కాలువ సగం రష్యా భూభాగంలో ఉండడంతో దాని గుండా ఓడల రాకపోకలు దాదాపు ఆగిపోయాయి. యువతరం దక్షిణాది నగరాలకు వలసపోతున్న ఈ ప్రాంతంలో ఒక్క దేశపు అతిథుల మీద ఆధారపడిన దుకాణాలు మూతపడడం ఎంత దెబ్బో చెప్పనక్కరలేదు. అయితే చట్టం లేకుండా ఆ ఉత్సాహంలోనే తీరమంతా కట్టేసి ఉంటే ఇవాళ ఖాళీ భవనాలతోపాటు పాడైన ఒడ్డు కూడా మిగిలేది. 2021లో లప్పేన్‌రంతకు ఐరోపా సంఘం ఇచ్చిన గ్రీన్ లీఫ్ పర్యావరణ పురస్కారం వెనుక ఈ నిగ్రహం కూడా ఉందని నా నమ్మకం.

నిబంధన వల్ల ఉపాధి పోతుందన్న భయానికి కొలోవెసి జాతీయ ఉద్యానం మంచి సమాధానం. 1990లో ఏర్పడిన ఈ ఉద్యానంలో మోటారు పడవలు నిషేధం. తెడ్డు వేసుకొని మాత్రమే వెళ్లాలి. దాంతో చుట్టుపక్కల ఊళ్లలో చిన్న పడవలు అద్దెకిచ్చేవారు, దారి చూపేవారు, బస ఏర్పాటు చేసేవారు బతుకుతున్నారు. శబ్దం లేని నీటి కోసమే అక్కడికి వెళ్లేవాళ్లు ఉన్నారు.

ఇక డబ్బు విషయం. ఫిన్లాండ్ జాతీయ ఉద్యానాల్లో ప్రవేశ రుసుము లేదు. ఎవరి అడవిలోనైనా నడవడానికి, బెర్రీలు, పుట్టగొడుగులు ఏరుకోవడానికి, సరస్సులో ఈదడానికి దేశవాసులకూ విదేశీయులకూ సమానంగా హక్కు ఉంది. ఉద్యానాల్లో నిప్పు రాజేసుకునే చోట కట్టెలు కూడా ప్రభుత్వమే ఉచితంగా పెడుతుంది. ఈ ఉదారత్వం నాకు ఎంతో ఇష్టం, దీన్ని ముట్టుకోకూడదు. కానీ ఆ కట్టెలు కొట్టించి దీవికి చేర్చే ఖర్చు, మరుగుదొడ్లు శుభ్రం చేసే ఖర్చు, వాటాదారుల పరిహారం, మంచు దిబ్బల పని ఎక్కువగా ఫిన్లాండ్ ప్రజల పన్నుల నుంచీ, కొంత ఐరోపా సంఘం నిధుల నుంచీ వస్తున్నాయి. బస చేసే ప్రతి రాత్రికీ చిన్న పర్యాటక పన్ను విధించాలా అన్న చర్చ దేశంలో కొంతకాలంగా సాగుతోంది. హోటళ్లవారు, అతిథులే తగ్గిన కాలంలో ఇదెక్కడి భారమని అంటున్నారు. వారి ఇబ్బంది నిజమైనదే. అయినా సైమా పరిసర పురపాలక సంఘాలు అటువంటి రుసుమును వసూలు చేసి, ఆ మొత్తాన్ని సాధారణ ఖాతాలో కలిపేయకుండా సరస్సుకే, ముఖ్యంగా జూలైలోనూ వల మానేసేవారికి పరిహారంగానూ, వలకు బదులు సీల్‌కు హాని చేయని బుట్టలు కొనడానికీ కేటాయిస్తే మేలు. వేల రూపాయలు విమానానికి పెట్టి వచ్చేవారు రాత్రికి ఒకటి రెండు యూరోలు ఇవ్వలేక ప్రయాణం మానుకోరు.

ఈ విషయం తెలుగు పత్రికకు ఎందుకు రాయాలని ఎవరైనా అడగవచ్చు. లప్పేన్‌రంతలోని ఎల్‌యూటీ విశ్వవిద్యాలయంలో మన విద్యార్థులు చదువుతున్నారు, వారిని చూడడానికి తల్లిదండ్రులు వస్తున్నారు, ఉత్తర ఐరోపా యాత్రలకు వచ్చే తెలుగు కుటుంబాలు సవోన్‌లిన్న కోట దాకా వస్తున్నాయి. మన చెరువులకు, సరస్సులకు అభివృద్ధి ప్రణాళికలు వేసేటప్పుడు విదేశీ సరస్సుల ఫొటోలు చూపించడం కూడా అలవాటైంది. కొల్లేరుకు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టవలసి వచ్చింది. తవ్వకముందే ఆపగలిగి ఉంటే అక్కడి పేదలకు ఆ నష్టం ఉండేది కాదు. సైమా నుంచి ఏదైనా తీసుకోదలిస్తే అద్దాల కుటీరాల నమూనాను పక్కనపెట్టి, తీర ప్రణాళిక చట్టాన్నీ, వాటాదారులతో కూర్చొని పరిహారం మాట్లాడుకున్న పద్ధతినీ పరిశీలించమని మన అధికారులను కోరుతున్నాను.

మీకు నా విన్నపం చిన్నది. సైమా గురించి యాత్రా కథనం వేసినప్పుడల్లా పక్కన కొన్ని వాక్యాలు చేర్చండి. శీతాకాలంలో, వసంతం తొలినాళ్లలో దీవుల ఒడ్డున ఉన్న మంచు దిబ్బల దగ్గరికి నడిచిగానీ స్నోమొబైల్ మీదగానీ పోకూడదని, మే నెలలో బండమీద పడుకున్న సీల్ కనిపిస్తే పడవ ఆపి దూరం నుంచే చూడాలని, దాని మీదికి డ్రోన్ పంపకూడదని, సైమాలోనే ఉన్న లిన్నన్‌సారి జాతీయ ఉద్యానంలో కొన్ని దీవులకు కొన్ని నెలలు వెళ్లరాదన్న బోర్డులను పాటించాలని రాయండి. అద్దె ఇంట్లో వల ఉంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 వరకు దాన్ని నీటిలో వేయరాదని, చట్టం అనుమతించినా జూలైలో కూడా వేయకుండా ఉండడం మేలని, గేలంతో పట్టుకోవచ్చని కూడా చేర్చండి. వేసవి ప్రయాణాల ప్రత్యేక సంచికలు తయారయ్యే లోపు ఈ ఉత్తరం మీకు అందుతుందని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు పాఠకుడు,
లప్పేన్‌రంత, ఫిన్లాండ్